రిజిస్టరులో ‘పో’

ఆ ఆస్పత్రిలో రిపోర్టుల గది నేలకింద ఉంటుంది. రోగులకి గాలీ వెలుతురూ కావాలి కాబట్టి కిటికీలున్న గదులన్నీ వాళ్లకిచ్చి, కిటికీ లేని గదిని కాగితాలకిచ్చారు. కొన్నేళ్లకి కాగితాల చోట కంప్యూటర్లు వచ్చాయి. కాగితాల కోసం పెట్టిన మనుషులు మాత్రం అక్కడే మిగిలిపోయారు. నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు, గోడవారగా లావుపాటి నీళ్ల గొట్టం. పైన ఎవరు కుళాయి తిప్పినా ఆ గొట్టం గురగురమంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు, పాతవాళ్లకి అది వినపడనే వినపడదు.

అక్కడి పని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పై అంతస్తు ల్యాబులో డాక్టర్లు రక్తమో, కోసిన కండముక్కో పరీక్షించి, రిపోర్టు రాసి, దానికి తాళం వేస్తారు. తాళమంటే నిజం తాళం కాదు, కంప్యూటరు తాళం. కిందివాళ్లకి దాని నంబరొక్కటే కనపడుతుంది. లోపల ఏముందో కనపడదు, కనపడకూడదని రూలు. ఏ నంబరు ఏ డాక్టరుకి చేరాలో చూసి ‘పంపు’ అన్న బటన్ నొక్కాలి. కోతికి నేర్పినా వచ్చే పని అంటాడు పేకముక్కల బాబాయి. కోతైతే విసుగెత్తి ఎప్పుడో పారిపోయేది అంటుంది చెవులమ్మాయి.

బాబాయి ఎవరికీ బాబాయి కాదు. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి కావడంతో అందరూ అలా పిలుస్తారు. పని నడుస్తున్నా నడవకపోయినా ఆయన తెరమీద ఒక మూల పేకముక్కలు పరిచే ఉంటాయి. చెవులమ్మాయి చెవుల్లో పొద్దస్తమానం పాటలు మోగుతుంటాయి కాబట్టి ఆ పేరు. సూపర్‌వైజరుకి వేరే పేరు పెట్టలేదు. ఆయన మొహం చూస్తే ఎవరికీ పేరు పెట్టాలనిపించదు. నాలుగో మనిషిని రిజిస్టరమ్మ అంటారు. ఈ కథ ఆమెది.

కంప్యూటర్లకి కూడా పేరుంది. నాలుగింటికీ కలిపి ఒకటే పేరు, అత్తగారు. అడిగిందే అడుగుతుంది, చెప్పింది నమ్మదు, ఏం చేసినా మెచ్చదు, సరిగ్గా పని ఉన్నప్పుడే అలుగుతుంది. సంకేతపదం కొడితే తప్పంటుంది. మళ్లీ అదే కొడితే ఒప్పుకుంటుంది. మరి మొదటిసారి ఏం తప్పో అడిగే దిక్కు లేదు. ‘పంపు’ నొక్కగానే తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలవుతుంది. అది అరనిమిషంలో ఆగొచ్చు, పావుగంట తిరగొచ్చు. ఆగినప్పుడు పచ్చటి టిక్కు ఒకటి రెప్పపాటు మెరిసి, తెర ఖాళీ అయిపోతుంది. మధ్యలో లైను తెగితే టిక్కు రాదు, తెర మాత్రం ఖాళీ అవుతుంది. అంటే పని జరిగినా జరక్కపోయినా చివరికి కనపడేది ఒకే ఖాళీ తెర. దీన్ని తయారుచేసిన మహానుభావుడు ఎవరో గానీ, వాడి జీవితంలో ఒక్కరోజైనా ఆ గదిలో కూర్చుని ఉంటే ఇలా చేసేవాడు కాదు.

ఆ చక్రాన్ని చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. పిచ్చెక్కకుండా ఉండటానికే వాళ్లు చక్రం పందెం కనిపెట్టారు. రోజుకి రెండుసార్లు, టీల వేళకి, నలుగురూ ఒకేసారి ‘పంపు’ నొక్కుతారు. ఎవరి చక్రం అందరికంటే ఆఖర్న ఆగితే వాళ్లు రెండంతస్తులు ఎక్కి క్యాంటీను నుంచి నాలుగు టీలు తేవాలి. ఆఖరికి సూపర్‌వైజరు కూడా పందెంలో ఉండేవాడు, పైకి మాత్రం ఇదంతా తనకి తెలియనట్టే నటిస్తూ. గెలుపోటముల లెక్క గోడమీద పాత క్యాలెండరు వెనకవైపు రాసేవారు. ఆ గదిలో మనుషులు గట్టిగా నవ్వేది రోజుకి ఆ రెండుసార్లే.

అత్తగారి జ్ఞాపకశక్తి మీద నమ్మకం లేక రిజిస్టరు పెట్టింది రిజిస్టరమ్మే. బైండు పుస్తకం, చేత్తో గీసిన గడులు. తారీఖు, నంబరు, డాక్టరు, ఆఖరి గడిలో ‘పో’. పోయింది అని పూర్తిగా రాయడానికి గడి చాలక, ఓపికా లేక, ‘పో’ అని పొట్టిగా రాసేది. చక్కటి చేతిరాత ఆమెది. ఏడాదిన్నర రిజిస్టరు తిరగేస్తే ఒక్క కొట్టివేత కనపడదు.

వచ్చిన చిక్కల్లా ఆ మాటతోనే. ఆ గదిలో అన్నీ పోతాయి. లైను పోయింది, కరెంటు పోయింది, మౌసు పోయింది, రిపోర్టు పోయింది. పంపినా పోయిందే, పోగొట్టుకున్నా పోయిందే. ఒకసారి పై వార్డు నర్సు ఫోన్ చేసి ఫలానా రిపోర్టు సంగతేమిటని అడిగితే చెవులమ్మాయి “పోయిందండీ” అంది. అవతల నర్సు లబోదిబోమంటూ మెట్లు దిగి వచ్చేసింది. తీరా చూస్తే అది పంపిన రిపోర్టే, ఆమె బల్లమీద కంప్యూటర్లోనే కూర్చుని ఉంది. దాని గురించి వారం రోజులు నవ్వుకున్నారు. సూపర్‌వైజరు మాత్రం నవ్వకుండా ఒక హుకుం జారీ చేశాడు. ఇకనుంచి పంపినవాటిని ‘చేరింది’ అనాలి, పోగొట్టుకున్నవాటినే ‘పోయింది’ అనాలి. రెండు రోజులు అందరూ బుద్ధిగా చేరింది, చేరింది అన్నారు. మూడో రోజు హుకుం జారీ చేసిన మనిషే ఫోన్లో “ఆ, పొద్దున్నే పోయింది సార్” అనడం విని ఆ మాట అటకెక్కించేశారు.

రిజిస్టరమ్మకి ఒక అక్క ఉంది. ఉన్నదల్లా అక్కే అనాలి. తల్లి పోయేనాటికి ఈమెకి తొమ్మిదేళ్లు, అక్కకి పదిహేడు. జడలు వేసిందీ, బడికి పంపిందీ, చదవకపోతే వీపు విమానం మోత మోగించిందీ ఆ అక్కే. పెళ్లయి వెళ్తూ చెల్లెల్ని కూడా వెంట తీసుకెళ్లింది. బావగారు బస్సు డ్రైవరు, నెమ్మదైన మనిషి. మరదలు ఇంట్లో ఉండటం గురించి ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అక్క ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. వాళ్లకి పదకొండేళ్ల కూతురు. రిజిస్టరమ్మ ఇప్పుడు వేరే ఉంటోంది గానీ వారంలో నాలుగు రోజులు భోజనం అక్కడే.

అక్కకి మెడ పక్కన చిన్న గడ్డ లేచింది. ముట్టుకుంటే నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి మూడు నెలలు పట్టించుకోలేదు. చెల్లెలు పోరగా పోరగా ఆస్పత్రికి వచ్చింది. “మన మనిషి లోపలుంటే ఇంకేం భయం” అన్నాడు బావగారు. డాక్టరు గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. చీటీమీద నంబరు రాసిచ్చారు. చివరి నాలుగంకెలు నలభై ఒకటి సున్నా తొమ్మిది. రిజిస్టరమ్మ దాన్ని ఇంకో చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకుని తిరిగింది. రెండో రోజుకల్లా చీటీ అవసరం లేకుండానే ఆ నంబరు నోటికి వచ్చేసింది.

“ఆ డాక్టరు దగ్గర వందలమంది ఉంటారు” అని ఆమె అక్కకి విడమరిచి చెప్పింది. “రిపోర్టులో ఏదైనా ఉంటే వాళ్లే ఫోన్ చేసి పిలుస్తారు. పిలవలేదంటే ఏమీ లేనట్టే. ఆర్నెల్లకి ఓసారి చూపించుకుంటే చాలు.”

“రిపోర్టు నీ దగ్గరికే వస్తుందిగా. చూసి చెప్పెయ్యరాదూ.”

“తాళమేసి వస్తుందక్కా. మాకు కనపడదు.”

“ఏం ఉద్యోగమే అది? ఉత్తరం చదవడం రాని పోస్టుమ్యాను ఉద్యోగం” అంది అక్క. ఇద్దరూ నవ్వారు.

తొమ్మిదో రోజు పొద్దున పదకొండు దాటాక ఆ నంబరు కిందికి దిగింది. తెరమీద చూడగానే రిజిస్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. నంబరు రెండుసార్లు సరిచూసుకుంది. డాక్టరు పేరు చూసుకుంది. అంతలో బాబాయి “పందెం, పందెం, టీల వేళయింది” అని కేకేశాడు. ఇంకో రోజైతే ఆమె కాసేపాగమనేదేమో. ఆ రోజు ఒక్కతే నొక్కే ధైర్యం లేక, అందరితో కలిసి నొక్కేస్తే సులువనిపించింది. ఒకటి, రెండు, మూడు. నలుగురూ నొక్కారు.

బాబాయిది ముందు ఆగింది. తర్వాత చెవులమ్మాయిది, తర్వాత సూపర్‌వైజరుది. ఆమె చక్రం తిరుగుతూనే ఉంది.

“ఓడిపోయావమ్మా రిజిస్టరమ్మా, లే, లే” అన్నాడు బాబాయి. “నాదాంట్లో చక్కెర వద్దను.”

“నాదింకా తిరుగుతోంది బాబాయ్. కాస్త చూస్తుంటావా?”

“చూస్తాలే, వెళ్లు.”

ఆమె వెళ్లింది. ఆ రోజు క్యాంటీను దగ్గర వరస పొడుగ్గా ఉంది. నాలుగు గ్లాసులున్న పళ్లెం పట్టుకుని, ఒలికిపోకుండా ఒక్కో మెట్టూ దిగుతూ కిందికి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తెర ఖాళీగా ఉంది.

“పోయిందా బాబాయ్?”

“ఆ, పోయింది” అన్నాడు బాబాయి, పేకముక్కల మీంచి తల తిప్పకుండా.

ఆమె పళ్లెం దించి, చేతులు తుడుచుకుని, రిజిస్టరు తీసి, గీసిన గడిలో ‘పో’ అని రాసింది. టీ తాగింది. అప్పటికి టీ చల్లారిపోయింది.

సాయంత్రం అక్కకి ఫోన్ చేసి “మీ డాక్టరుకి పోయిందక్కా, ఇవాళే” అంది. వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. ఎవరూ పిలవలేదు. బావగారి మొహంలో కళ వచ్చింది. అక్క మళ్లీ మిషను ముందు కూర్చుంది. మూడో వారంలో ఒక రోజు అక్క అడిగింది.

“ఎందుకైనా మంచిది, నేనొకసారి వెళ్లి డాక్టర్ని అడిగి రానా?”

“ఏమని అడుగుతావు? నాకేమీ లేదా అని అడుగుతావా? పిలవలేదంటే బాగున్నట్టే అని ఎన్నిసార్లు చెప్పాలి? ఊరికే వాళ్లని విసిగించకు.”

అక్క సరేనంది. ఆస్పత్రి సంగతి చెల్లెలికి తెలియక తనకి తెలుస్తుందా అనుకుంది.

అయిదు నెలలు గడిచాయి. అక్కకి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. మింగుడు పడటం కష్టమైంది. మెడ పక్కన రెండో గడ్డ లేచింది. అప్పుడు బావగారు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ రోజు మధ్యాహ్నం రిపోర్టుల గదిలో ఫోన్ మోగింది. చెవులమ్మాయి ఒక చెవిలోంచి పాట తీసేసి ఫోన్ అందుకుంది.

“ఈ నంబరు రిపోర్టు వాళ్లకసలు రాలేదట. అయిదు నెలల కిందటిదట” అంటూ నంబరు చదివింది. “…నలభై ఒకటి సున్నా తొమ్మిది. చూడు రిజిస్టరమ్మా.”

రిజిస్టరమ్మ చూడక్కర్లేకపోయింది. అయినా చూసింది. పుట వెతికి, వరస వెతికి, ఆఖరి గడి మీద వేలు పెట్టింది. తన చేతిరాతే. ‘పో’. పక్క గడుల్లో ఉన్నంత గుండ్రంగానే ఉంది అది కూడా.

తర్వాత సూపర్‌వైజరు తన సంకేతపదంతో అత్తగారి కడుపులోకి దిగి వెతికాడు. అత్తగారికి జ్ఞాపకశక్తి లేదనుకున్నది తప్పు. అన్నీ గుర్తుపెట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు, అంతే. ‘అసంపూర్తి’ అని ఒక అర ఉంది. అలాంటిదొకటి ఉందని ఆ నలుగురిలో ఎవరికీ తెలియదు. పంపుతుండగా లైను తెగిన రిపోర్టులన్నీ అందులో పడి ఉన్నాయి. మొత్తం పదిహేడు. ఆమె అక్కది అందులో ఆరోది. పదకొండు ఇరవై ఆరుకి లైను తెగిందని పక్కనే రాసి ఉంది. పదకొండు ఇరవై ఆరుకి తను క్యాంటీను వరసలో నిలబడి ఉంది.

సూపర్‌వైజరు తలుపు మూసి వచ్చాడు. “పదిహేడూ ఇప్పుడే పంపేయండి” అన్నాడు మెల్లగా. “నేను పైకి రాస్తాను. సాంకేతిక లోపం అని. నిజం కూడా అదే. లైను తెగింది. మనమేం తెంపలేదు.”

ఆమె ఒక్కొక్కటే పంపింది. పదిహేడు చక్రాలూ ఆగేదాకా, పదిహేడు టిక్కులూ మెరిసేదాకా కన్నార్పకుండా చూసింది. మిగతా పదహారు నంబర్లు ఎవరివో ఆమెకి తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఎవరి అక్కలో, ఎవరి అన్నలో, పిలవలేదంటే బాగున్నట్టే అనుకుని ఎక్కడెక్కడ కూర్చుని ఉన్నారో.

మర్నాడు డాక్టరు అక్కనీ బావగారినీ కూర్చోబెట్టి చెప్పాడు. రిజిస్టరమ్మ తలుపు దగ్గర నిలబడింది. “అప్పుడే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదండీ” అన్నాడు డాక్టరు. “ఇప్పుడు ఊపిరితిత్తుల దాకా వెళ్లింది. మందులిస్తాం. ఎంత కాలమని మాత్రం అడగకండి.” అడగొద్దన్నాడు కాబట్టి బావగారు అడగలేదు. ఎప్పుడూ ఎవరేం చెప్పినా నమ్మే మనిషి ఆయన.

బాబాయిని అడగాలా వద్దా అని రిజిస్టరమ్మ రెండు రోజులు తన్నుకులాడింది. చివరికి అడిగింది. ఆ గదిలో వాళ్లిద్దరే ఉన్నప్పుడు.

“బాబాయ్, ఆ రోజు నేను టీలు తెచ్చాక పోయిందా అని అడిగాను. పోయిందన్నావు.”

బాబాయి పేకముక్కల్ని మూసేశాడు. ఆమె చూస్తుండగా ఆయన వాటిని మూయడం అదే మొదలు.

“ఏ రోజమ్మా?”

చెప్పింది. ఆయన నుదురు రుద్దుకున్నాడు.

“గుర్తు రావట్లేదమ్మా. ఒట్టు. రోజుకి వందసార్లు అనుకునే మాట అది. లైను పోయి ఉంటుంది, నువ్వు లైను సంగతి అడిగావనుకుని ఉంటాను. పోయిందనే చెప్పి ఉంటాను. లేకపోతే అసలు నీ తెర వైపు చూడనే లేదో ఏమో. ఏది నిజమో నాకే తెలియట్లేదు.”

ఆమెకి ఆయన్ని నాలుగు దులపాలనిపించింది. కానీ ఆయన అబద్ధం ఆడలేదు, అప్పుడూ ఆడలేదు, ఇప్పుడూ ఆడలేదు. ఆమె అడిగింది ఒక సంగతి, ఆయన చెప్పింది ఇంకో సంగతి, మాట మాత్రం ఒకటే. ఇద్దరూ ఒక్క క్షణం తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉంటే సరిపోయేది.

“పోనీ నా పేరు చెప్పెయ్యమ్మా” అన్నాడు బాబాయి. “నాకింకా ఏడు నెలలే ఉంది. నన్నేం చేస్తారు? వెళ్లిపొమ్మంటారు. ఎలాగూ వెళ్లేవాణ్నేగా.”

దాచడమెందుకు, ఆమెకి ఆ మాట తియ్యగానే వినిపించింది. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని దాన్ని మనసులో పదిసార్లు తిప్పి చూసుకుంది. ఆయన చూస్తానన్నాడు, చూడలేదు. నిజమే కదా. అందులో అబద్ధం ఎక్కడుంది? బస్సు దిగేసరికి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. చూడమన్నది తను. అక్క నంబరు తిరుగుతుంటే లేచి వెళ్లింది తను. ‘పో’ అని రాసింది తను. వెళ్లి అడిగి వస్తానన్న అక్కని కూర్చోబెట్టింది కూడా తనే. ఆ ఆఖరిదానికి బాబాయీ అడ్డం రాడు, అత్తగారూ అడ్డం రాదు.

అక్కని ఆస్పత్రిలో చేర్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, బావగారు మందులు తేవడానికి కిందికి వెళ్లినప్పుడు, ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. పక్క మంచం ఖాళీగా ఉంది. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మెడకి కట్టు. కుట్టుపనితో కాయలు కాసిన చూపుడువేలు దుప్పటి అంచుని అదే పనిగా తడుముతోంది, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూస్తున్నట్టు.

“అక్కా, అది మెషీన్ తప్పు కాదు.”

అక్క ఇటు తిరిగింది.

“నేను పంపుతున్నాను. మధ్యలో లేచి టీ తేవడానికి వెళ్లాను. వచ్చి పోయిందా అని అడిగితే పోయిందన్నారు. లైను పోయిందన్నారు. నేను రిపోర్టు పోయిందనుకున్నాను. చూసుకోకుండా రాసేశాను.”

అక్క ఆమె మొహంలోకి చూసింది. మాట వచ్చేసరికి అది మాటలా లేదు, గాలిలా ఉంది.

“టీకా?”

“టీకే.”

“ఎవరైనా పెద్దాఫీసరు పిలిచాడా? ఏదైనా అర్జెంటు పనా?”

“లేదక్కా. పందెంలో ఓడిపోయాను. అందుకని నా వంతు.”

అక్క కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలోంచే నీళ్లు చెవుల వైపు జారాయి. తుడవబోతే చెయ్యి తోసేసింది.

“నేను వెళ్లి అడిగొస్తానంటే వద్దన్నావు కదే.”

“అన్నాను.”

“విసిగించొద్దన్నావు.”

“అన్నాను.”

“లేచి అవతలికి పో.”

రిజిస్టరమ్మ లేచింది. తలుపు దాకా వెళ్లింది. వెనకనుంచి మంచం చప్పుడైంది. అక్క మోచేతి మీద లేవబోయి, లేవలేక, ఆయాసపడుతూ పిలిచింది.

“ఆగు. మీ బావకి చెప్పావా?”

“లేదు. ఇవాళ చెబుతాను.”

“చెప్పకు.” కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “నీకోసం అనుకునేవు, కాదు. నీ మీద నాకు కోపం ఉంది. అది తగ్గేదాకా నేనుంటానో ఉండనో. అది వేరే సంగతి. ఆయనకి తెలిస్తే మళ్లీ నిన్ను గడప తొక్కనివ్వడు. మెత్తటివాడే, కానీ ఒకసారి బిగుసుకున్నాడంటే ఇంక అంతే. అప్పుడు నా పిల్లనెవరు చూస్తారు? దానికి ఒళ్లు వెచ్చబడితే ఎవరు పక్కన కూర్చుంటారు? ఆయన తెల్లారకముందే బస్సెక్కుతాడు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు చెప్పు.”

“అక్కా, నేను ఆయన మొహం ఎలా చూడను?”

“చూడు. నేను చూడట్లేదా నీ మొహం?”

రిజిస్టరమ్మ వచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చుంది. ఈసారి అక్క పొమ్మనలేదు, చెయ్యి కూడా ఇవ్వలేదు. ఇద్దరూ అలాగే ఉండగా బావగారు మందుల సంచితో వచ్చాడు. జేబులోంచి మడత పెట్టిన ఉత్తరం తీశాడు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిందే. సాంకేతిక లోపం వల్ల జరిగిన ఆలస్యానికి చింతిస్తున్నామని మూడు వరసలు.

“ఇందులో ఏం రాశారో చూశావామ్మా?” అన్నాడు మరదలితో. “పాతికేళ్లుగా బస్సు నడుపుతున్నాను. బ్రేకు దానంతటదే ఫెయిలవ్వదు. ఎవడో చూసుకోవాల్సినవాడు చూసుకోలేదన్నమాటే. మనిషి లేకుండా మెషీన్ తప్పు చేస్తుందా?”

“చెయ్యదు బావగారూ.”

“మరదే. నేనడిగితే నాకెవరూ చెప్పరు. నువ్వు లోపలి మనిషివి. ఆ రోజు అక్కడ ఎవరున్నారో, ఎవరి చేతిలో అది ఆగిపోయిందో నువ్వు కనుక్కోగలవు. నేనేం కొట్టను, తిట్టను. ఒక్కసారి ఆ మనిషిని తీసుకొచ్చి దీని మంచం ముందు నిలబెట్టాలి. అంతే. దీని మొహం చూసి వెళ్తే చాలు. ఆమాత్రం చేసిపెట్టమ్మా.”

రిజిస్టరమ్మ అక్క వైపు చూసింది. అక్క కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప వేయకుండా చెల్లెల్నే చూస్తోంది. ఆ చూపులో జాలి లేదు, తల మాత్రం దిండు మీద, సరేనను అన్నట్టు, చాలా కొద్దిగా కదిలింది.

“కనుక్కుంటాను బావగారూ” అంది రిజిస్టరమ్మ.

బావగారికి కళ్లు చెమర్చాయి. చొక్కా జేబులోంచి పెన్ను తీసి, ఆ ఉత్తరం వెనకవైపు రిపోర్టు ఆగిపోయిన రోజు తారీఖు రాశాడు. దానికింద అక్క చీటీ చూసి, ఒక్కో అంకె పైకి చదువుతూ, నంబరు పెద్దపెద్దగా రాశాడు. మర్చిపోకుండా ఉంటుందని మరదలి చేతిలో పెట్టాడు.